సాంస్కృతికాంతర అధ్యయనాలు చదివినవారికి హైదరాబాద్‌లో ఉద్యోగాలు: తరచుగా అడిగే ప్రశ్నలు

డిగ్రీ ఫలితాలు వచ్చే రోజుల్లో పిల్లలు, వాళ్ల వెనుకే తల్లిదండ్రులు నన్ను అడిగే ప్రశ్నలివి. కొన్నేళ్లు ఆసుపత్రుల్లో దుబాసీగా పనిచేశాను. ఇప్పుడు విదేశాలకు వెళ్లే నర్సులకు భాషతో పాటు అక్కడి తీరుతెన్నులు నేర్పుతున్నాను. తెలిసినంత వరకు దాపరికం లేకుండా చెబుతాను.

అసలు ఈ చదువు దేని గురించి?

ఒక సంస్కృతిలో పెరిగిన మనిషి మరో సంస్కృతిలో పెరిగిన మనిషితో కలిసి పనిచేసేటప్పుడు అపార్థం ఎక్కడ పుడుతుంది, ఎందుకు పుడుతుంది, దాన్ని ఎలా విప్పాలి అన్నదే ఈ చదువు. ఇంగ్లీషులో దీన్ని ఇంటర్‌కల్చరల్ స్టడీస్ అంటారు. మానవశాస్త్రం, భాషాశాస్త్రం, సామాజికశాస్త్రం ఇందులో కలిసి ఉంటాయి. దీనికి పునాది వేసినవారిలో ముఖ్యుడు అమెరికా మానవశాస్త్రవేత్త ఎడ్వర్డ్ హాల్. ఆయన 1950లలో అమెరికా దౌత్యవేత్తలకు శిక్షణ ఇచ్చే ఫారిన్ సర్వీస్ ఇన్‌స్టిట్యూట్‌లో పనిచేశారు. భాష వచ్చినవాళ్లకు కూడా పరాయి దేశంలో పని ఎందుకు చెడుతోందన్నది అక్కడ ఎదురైన చిక్కు. అంటే ఇది మొదటి నుంచీ పని కోసం పుట్టిన చదువే. ఇంట్లో పెద్దలకు చెప్పేటప్పుడు ఈ మాట పనికొస్తుంది.

మన ఇంటి ఉదాహరణ ఒకటి. "చూద్దాం లెండి" అని మనం అన్నామంటే చాలాసార్లు అది కుదరదని మెత్తగా చెప్పడమే. ఎదుటి తెలుగువాడికి అది వెంటనే అర్థమవుతుంది. ఆ మాటనే ఇంగ్లీషులో పెట్టి జర్మన్ మేనేజరుకు చెబితే, మనం నిజంగానే చూస్తున్నామనుకుని వారం తర్వాత ఏమైందని అడుగుతాడు. ఇద్దరిలో ఎవరూ అబద్ధం ఆడలేదు, అయినా ఇద్దరికీ కోపం వస్తుంది.

హైదరాబాద్‌లో ఈ పేరుతో డిగ్రీ దొరుకుతుందా?

సరిగ్గా ఇదే పేరుతో డిగ్రీ మన దగ్గర అరుదు. దానికి దగ్గరి చుట్టాలు మాత్రం చాలానే ఉన్నాయి. తార్నాకలోని ఇంగ్లీష్ అండ్ ఫారిన్ లాంగ్వేజెస్ యూనివర్సిటీ 1958లో చిన్న ఇంగ్లీషు శిక్షణ సంస్థగా మొదలై 2007లో కేంద్రీయ విశ్వవిద్యాలయమైంది. అరబిక్, ఫ్రెంచ్, జర్మన్, స్పానిష్, రష్యన్, జపనీస్ అక్కడ డిగ్రీ స్థాయిలో చదవవచ్చు. గచ్చిబౌలిలోని హైదరాబాద్ విశ్వవిద్యాలయంలో మానవశాస్త్రం, తులనాత్మక సాహిత్యం, అనువాద అధ్యయనాలు ఉన్నాయి. విదేశాల్లో స్థిరపడిన భారతీయుల మీద పరిశోధనకు 1996లోనే ప్రత్యేక కేంద్రం పెట్టారు. ఉర్దూ వైపు వెళ్లాలనుకుంటే మౌలానా ఆజాద్ విశ్వవిద్యాలయం ఉంది.

నా అభిప్రాయం అడిగితే, డిగ్రీ పేరు కోసం వెతకడం కంటే ఒక భాషా విభాగంలోనో మానవశాస్త్రంలోనో చేరి మిగిలినది చుట్టూ కట్టుకోవడం మేలు.

ఉద్యోగ ప్రకటనల్లో ఈ డిగ్రీ పేరే కనబడదు. అంటే ఉద్యోగాలు లేనట్టేనా?

ఉద్యోగాలు ఉన్నాయి, వేరే పేర్లతో ఉన్నాయి. ఇంటర్నేషనల్ పేషెంట్ కోఆర్డినేటర్, లోకలైజేషన్ స్పెషలిస్ట్, గ్లోబల్ మొబిలిటీ అసోసియేట్, లాంగ్వేజ్ ఎక్స్‌పర్ట్, కంటెంట్ రివ్యూయర్, కమ్యూనిటీ ఆర్గనైజర్, స్టూడెంట్ అడ్వైజర్. ఈ పేర్లతో వెతకండి. ప్రకటనలో "ఏదైనా డిగ్రీ" అని రాసి, కింద ఒక భాష అడిగితే అది మీ ఉద్యోగమే అనుకోవచ్చు. డిగ్రీ పేరుతో వెతికి, ఏమీ కనబడక, ఆరు నెలలు ఇంట్లో దిగులుగా కూర్చున్న పిల్లలను చూశాను. అందుకే దీన్ని ముందే చెబుతున్నాను.

ఆసుపత్రుల్లో ఏం పని ఉంటుంది?

నాకు బాగా తెలిసిన చోటు ఇది, కాబట్టి కాస్త వివరంగా చెబుతాను.

సూడాన్, యెమెన్, ఒమన్, ఇరాక్, సోమాలియా నుంచి రోగులు వైద్యం కోసం హైదరాబాద్ వస్తారు. టోలిచౌకి వైపు సాయంత్రం నడిస్తే అరబిక్ బోర్డులు, మండీ (మాంసం కలిపిన అన్నం) వడ్డించే యెమెనీ హోటళ్లు, చేతిలో స్కానింగ్ కవర్లతో కుటుంబాలు కనిపిస్తాయి. పెద్ద ఆసుపత్రుల్లో విదేశీ రోగుల విభాగం విడిగా ఉంటుంది. వీసా ఉత్తరం పంపడం, విమానాశ్రయం నుంచి తీసుకురావడం, డాక్టరు గదిలో మాట అందించడం, ఖర్చు అంచనా వివరించడం, తిండి ఏర్పాట్లు, ఒక్కోసారి చావు కబురు చెప్పడం కూడా ఈ విభాగం పనే.

ఒకరోజు శస్త్రచికిత్స అయిన పెద్దాయన దగ్గరికి నర్సు వచ్చి, ఎలా ఉందో అడగమంది. అడిగాను. ఆయన "అల్‌హమ్దులిల్లాహ్" అన్నారు. దైవానికి స్తోత్రం అని అర్థం. నర్సుకు అప్పటికే ఆ మాట అలవాటైంది, బాగుందన్నారని కాగితం మీద రాసేసింది. కానీ ఆయన కుడిచెయ్యి దుప్పటి అంచును పిడికిలితో పట్టుకుని ఉంది, వేళ్ల కణుపులు తెల్లబడ్డాయి. ఎంత బాధలో ఉన్నా ఆ ప్రశ్నకు ఆయన పెరిగిన ఇంట్లో చెప్పే మొదటి జవాబు అదే. బాధ చెప్పుకోవడం దేవుడి మీద ఫిర్యాదు చేసినట్టు ఉంటుంది. ప్రశ్న మార్చి, "రాత్రి ఎన్నిసార్లు మెలకువ వచ్చింది?" అని అడిగాను. నిద్రే పోలేదన్నారు. డాక్టరు వచ్చి మందు మార్చారు.

ఆ పూట నేను చేసింది అనువాదమా? అనువాదం అప్పటికే తప్పులేకుండా అయిపోయింది. దాని తర్వాత మిగిలిన పనికే ఈ చదువు కావాలి. ఇందులో చేరాలంటే మాట్లాడే అరబిక్ రావాలి, అదీ సూడానీ, యెమెనీ, ఇరాకీ యాసలు చెవికి పట్టేంతగా. పుస్తకాల అరబిక్ ఒక్కటే వచ్చినవాళ్లు మొదటి వారం తెల్లమొహం వేస్తారు. ఫ్రెంచ్, స్వాహిలి వచ్చినవాళ్లకు కూడా ఆఫ్రికా రోగుల వల్ల పని దొరుకుతుంది.

యంత్రాలు అనువాదం చేసేస్తున్నాయి. ఇంకా ఆ రంగంలోకి వెళ్లడం తెలివైన పనేనా?

మాటకు మాట పెట్టి బతకాలనుకుంటే వెళ్లవద్దు. ఆ పని తగ్గిపోయింది, రేట్లు కూడా పడిపోయాయి. కానీ యంత్రం ఎక్కడ తడబడుతుందో తెలిసినవాళ్లకు పని ఉంది.

తెలుగునే తీసుకోండి. ఒక యాప్‌లో "మేము మీకు డబ్బు తిరిగి ఇస్తాము" అనాలా, "మనం" అనాలా? ఇంగ్లీషుకు ఒక్క మాట చాలు, మనకు రెండున్నాయి. "మనం" అంటే వినేవాణ్ణి కూడా లోపలికి లాగినట్టు. డబ్బు చెల్లించే చోట అలా రాస్తే అర్థమే తలకిందులవుతుంది. "మీ డ్రైవర్ వచ్చాడు" అని రాస్తే వినియోగదారుకు తప్పుగా తోచకపోవచ్చు, కానీ అదే యాప్ వాడే డ్రైవరు తన గురించి అలా చదివినప్పుడు మనసు చివుక్కుమంటుంది. "వచ్చారు" అంటే గౌరవం దక్కుతుంది, డ్రైవరు ఆడమనిషి అయినా చెల్లుతుంది. ఇలాంటి నిర్ణయాలు తీసుకుని, వాటిని కంపెనీకి శైలి నియమావళిగా రాసిపెట్టే పనినే లోకలైజేషన్ అంటారు. యంత్రం ఇచ్చిన అనువాదాన్ని సరిదిద్దడం, కృత్రిమ మేధ భాషా నమూనాలకు తెలుగు సమాచారాన్ని పరీక్షించి పెట్టడం కూడా ఇప్పుడు ఉద్యోగాలే.

ఈ ఊరికి ఈ పని కొత్తది కాదు. 1917లోనే ఉస్మానియా కోసం దారుల్ తర్జుమా పేరుతో అనువాద సంస్థ పెట్టి, విజ్ఞానశాస్త్రం, వైద్యం, న్యాయశాస్త్రం ఉర్దూలోకి తెచ్చారు. ఏ మాటకు ఏ మాట పెట్టాలని పండితులు కూర్చుని వాదించుకున్న ఊరు ఇది.

సాఫ్ట్‌వేర్ కంపెనీల్లో మాకు చోటుందా?

ఉంది. గచ్చిబౌలి, నానక్‌రామ్‌గూడ వైపు విదేశీ కంపెనీల సొంత కేంద్రాలు వరుసగా ఉన్నాయి. అక్కడి బృందాలు రోజూ వేరే దేశంలోని బృందంతో పనిచేస్తాయి. ఉద్యోగులను విదేశాలకు పంపి కుటుంబాలతో సహా స్థిరపరిచే విభాగం, అక్కడి నుంచి వచ్చేవారికి ఇల్లు, బడి చూపించే సంస్థలు, ఉద్యోగుల శిక్షణ విభాగం, ఈ మూడింట్లో మీ చదువు నేరుగా పనికొస్తుంది.

శిక్షణ ఇచ్చేవారిగా వెళ్లాలనుకునేవారికి ఒక హెచ్చరిక. డచ్ సామాజిక మనస్తత్వవేత్త గీర్ట్ హాఫ్‌స్టెడ్ ఐబీఎం ఉద్యోగుల సర్వేలతో తయారుచేసిన దేశాల సంస్కృతి కొలతలను చాలామంది శిక్షకులు తెర మీద చూపించి, జపాన్‌వాళ్లు ఇలా, భారతీయులు అలా అని తేల్చేస్తారు. అవి దేశం మొత్తానికి సగటులు. ఎదురుగా కూర్చున్న ఒక్క మనిషి గురించి అవి ఏమీ చెప్పవు. నిజామాబాద్ నుంచి వచ్చిన అమ్మాయి, జూబ్లీహిల్స్‌లో పెరిగిన అబ్బాయి ఒకే గదిలో కూర్చున్నప్పుడు "భారతీయులు" అన్న ఒక్క గీత ఎవరికి సరిపోతుంది? అచ్చులు పోసి ఇచ్చే శిక్షకులవల్ల ఈ రంగానికి చెడ్డపేరు వచ్చింది. మీరు అలా చేయకండి.

నర్సుల శిక్షణ, గల్ఫ్ వలసల గురించి విన్నాం. అక్కడ ఎలాంటి అవకాశాలున్నాయి?

ఇది నేనిప్పుడు చేస్తున్న పని. హైదరాబాద్‌లో ఈ చదువుకు ఇంతకంటే అవసరమైన చోటు మరొకటి లేదని నమ్ముతాను.

జర్మనీలో నర్సుగా గుర్తింపు కావాలంటే సాధారణంగా బీ2 స్థాయి భాష అడుగుతారు (యూరప్ కొలమానంలో ఏ1 నుంచి సీ2 వరకు ఉన్న ఆరు మెట్లలో ఇది నాలుగోది). జపాన్‌లో ప్రత్యేక నైపుణ్య కార్మికులుగా వృద్ధుల సంరక్షణకు వెళ్లేవారు ఎన్4 స్థాయి పరీక్షో (జపనీస్ పరీక్షల్లో కింది నుంచి రెండో మెట్టు), దానికి సమానమైనదో పాసవ్వాలి. తెలంగాణ ప్రభుత్వ సంస్థ టామ్‌కామ్ ఇలాంటి నియామకాలు చేస్తుంది, ప్రైవేటు శిక్షణ కేంద్రాలు కూడా చాలా ఉన్నాయి. అన్నింటికీ భాషా బోధకులు కావాలి. భాష మాత్రమే నేర్పితే ఏమవుతుందో నేను చూశాను. వ్యాకరణంలో మంచి మార్కులు తెచ్చుకున్న నర్సు, వార్డులో పెద్ద నర్సు చెప్పింది అర్థం కాకపోయినా మొహమాటంతో తల ఊపి వస్తుంది. మన దగ్గర మళ్లీ అడగడం అమర్యాద. అక్కడ అడగకపోవడం ప్రమాదం. అందుకే నా తరగతిలో మొదటి వారం నేర్పే జర్మన్ వాక్యానికి అర్థం "నాకు అర్థం కాలేదు, మళ్లీ చెప్పండి." దాన్ని నవ్వకుండా, తల దించకుండా, కళ్లలోకి చూసి చెప్పించడానికి పదిరోజులు పడుతుంది.

ఒక సంతోషం కూడా చెప్పాలి. జర్మన్‌లో పెద్దవారికి, కొత్తవారికి ఒక "మీరు", దగ్గరివారికి ఒక "నువ్వు" ఉంటాయి. ఇంగ్లీషు ద్వారా నేర్పితే ఇది కొరకరాని కొయ్య. తెలుగులో చెబితే ఒక్క నిమిషం పని. మన పిల్లలు తమ భాషను పక్కన పెట్టి పరాయి భాష నేర్చుకోవాలనుకోవడం ఎంత నష్టమో ఇలాంటప్పుడు తెలుస్తుంది.

గల్ఫ్ సంగతి వేరు. కరీంనగర్, జగిత్యాల, నిజామాబాద్ పల్లెల నుంచి వెళ్లేవారికి కావలసింది ముందు హక్కుల సమాచారం. ఏజెంటు ద్వారా వెళ్తే, 1983 నాటి వలసల చట్టం కింద లైసెన్సు ఉన్నవారి ద్వారానే వెళ్లాలి. ఏజెంటు సేవా రుసుము 30,000 రూపాయలు, దానిపై పన్ను, అంతకుమించి తీసుకోకూడదు. పదో తరగతి పాస్ కానివారు నిర్ణీత 18 దేశాలకు ఉద్యోగం కోసం వెళ్లేముందు వలస అనుమతి తీసుకోవాలి. బయలుదేరే ముందు ఇచ్చే అవగాహన శిక్షణలో, వలస కార్మికుల కోసం పనిచేసే సంస్థల్లో మీలాంటివారికి పని ఉంది. ఒప్పందం కాగితం అరబిక్‌లో ఉంటే దాన్ని చదివి, "ఇందులో గొర్రెల కాపరి అని ఉంది, నీకు డ్రైవర్ అని చెప్పారు" అని సంతకానికి ముందే చెప్పగలిగిన మనిషి ఒక కుటుంబాన్ని అప్పుల నుంచి కాపాడినట్టే.

ఐక్యరాజ్యసమితిలో చేరవచ్చా?

చేరవచ్చు, కానీ దారి ఇరుకు. దాని ఆరు అధికార భాషలు అరబిక్, చైనీస్, ఇంగ్లీష్, ఫ్రెంచ్, రష్యన్, స్పానిష్. అనువాదకుల పోస్టులన్నీ వీటి చుట్టూనే. యువ వృత్తినిపుణుల పరీక్షను 32 ఏళ్లు దాటనివారు రాయవచ్చు, అది కూడా ఆ ఏడాది జాబితాలో మన దేశం ఉంటేనే.

దానికోసం ఎదురుచూస్తూ కూర్చోకుండా బాలాపూర్ వైపు చూడండి. అక్కడ వేలమంది రోహింగ్యా శరణార్థులు ఉంటున్నారు. 1951 శరణార్థుల ఒప్పందంపై మన దేశం సంతకం చేయలేదు కాబట్టి వాళ్ల బతుకు చాలావరకు స్వచ్ఛంద సంస్థల సాయం మీద నడుస్తుంది. బడిలో చేర్పించడం, ఆసుపత్రికి తోడు వెళ్లడం లాంటి పనుల్లో ఏడాది గడిపిన అనుభవానికి ఎక్కడికి వెళ్లినా విలువ ఉంటుంది.

ప్రభుత్వ ఉద్యోగాలు?

విదేశాంగ సేవకు సివిల్స్ రాయాలి, ఏ డిగ్రీ అయినా చాలు. జనరల్ విభాగానికి వయసు 21 నుంచి 32, ప్రయత్నాలు ఆరు. మానవశాస్త్రం, సామాజికశాస్త్రం ఐచ్ఛికాలుగా ఉన్నాయి కాబట్టి మీ చదువు వృథా పోదు. పార్లమెంటులో ఏకకాల అనువాదకుల పోస్టులు అప్పుడప్పుడు పడతాయి. కళాశాల బోధన వైపు వెళ్లాలంటే సాధారణంగా పీజీ తర్వాత నెట్ అనే అర్హత పరీక్ష రాయాలి. అందులో జేఆర్‌ఎఫ్ (పరిశోధన భృతి) వస్తే మొదట నెలకు 37,000 రూపాయలతో పరిశోధన చేసుకోవచ్చు.

మ్యూజియంలు, పర్యాటకం?

జీతాలు తక్కువ, పని ఆనందంగా ఉంటుంది. సాలార్‌జంగ్ మ్యూజియం ముందు నిలబడి గడియారం కథ ఒక్కటే చెప్పే గైడ్లు చాలామంది ఉన్నారు. నిజాం సైన్యంలో పనిచేయడానికి యెమెన్‌లోని హద్రమౌత్ నుంచి వచ్చిన అరబ్బుల వారసులు బార్కస్‌లో ఉన్నారనీ, ఆ పేరు "బారక్స్" నుంచి వచ్చిందనీ, ఏసీ గార్డ్స్ అంటే ఆఫ్రికన్ కావల్రీ గార్డ్స్ అనీ చెప్పి, అక్కడి మనుషులను వింతగా కాకుండా ఇరుగుపొరుగులా పరిచయం చేయగల గైడ్లు తక్కువ. ఆ లోటు మీరు తీర్చవచ్చు.

ఏ భాష నేర్చుకోవాలి?

ఆసుపత్రులు, గల్ఫ్ అయితే అరబిక్. నర్సింగ్ శిక్షణ అయితే జర్మన్ లేదా జపనీస్. కంపెనీలకు జర్మన్, ఫ్రెంచ్, స్పానిష్, జపనీస్. ఏదైనా ఒక్కటి, లోతుగా. మూడు భాషల్లో ఏ1 సర్టిఫికెట్లు పెట్టుకుని వచ్చేవారికి ఉద్యోగం దొరకడం కష్టం, ఒక భాషలో బీ2 ఉన్నవారిని పిలిచి మరీ తీసుకుంటారు. తెలుగు రాయడం బాగా రావాలి. ఉర్దూ వస్తే ఈ ఊళ్లో సగం తలుపులు వాటంతట అవే తెరుచుకుంటాయి.

మా అమ్మాయి ఈ చదువు కోసమే అమెరికా వెళ్తానంటోంది. పంపవచ్చా?

రెండు విషయాలు చూసుకుని పంపండి. మొదటిది, అమెరికాలోని చాలా క్రైస్తవ విశ్వవిద్యాలయాల్లో ఇంటర్‌కల్చరల్ స్టడీస్ అంటే మత ప్రచార సేవకు ఇచ్చే శిక్షణ. ఆ సేవలోకి వెళ్లాలనుకునేవారికి అది సరైన చోటే. కార్పొరేట్ ఉద్యోగం కోసం వెళ్లేవారు మాత్రం ఫీజు కట్టకముందే సిలబస్ మొత్తం చదవాలి. రెండవది, ఈ కోర్సులు సాధారణంగా స్టెమ్ (సైన్స్, టెక్నాలజీ, ఇంజినీరింగ్, గణితం) జాబితాలో ఉండవు. అంటే చదువు తర్వాత పనిచేయడానికి 12 నెలలే ఉంటుంది, ఇంజినీరింగ్ పిల్లలకు దొరికే అదనపు 24 నెలలు రావు. అప్పు చేసి పంపేవారికి ఈ తేడా చాలా పెద్దది. జర్మనీలో ప్రభుత్వ విశ్వవిద్యాలయాల్లో చాలాచోట్ల ట్యూషన్ ఫీజు ఉండదు కాబట్టి, భాష వస్తే ముందు అటు చూడమంటాను.

జీతం ఎంత వస్తుంది?

మొదటి రెండేళ్లు సాఫ్ట్‌వేర్‌లో చేరిన స్నేహితుల కంటే తక్కువే వస్తుంది. తల్లిదండ్రులకు ఈ మాట ముందే చెప్పండి, తర్వాత చెబితే మోసం చేశామనుకుంటారు. భాష స్థాయి పెరిగేకొద్దీ జీతం పెరుగుతుంది. భాషతో పాటు వైద్యమో, న్యాయమో, సాంకేతికమో ఒక రంగం పరిభాష పట్టుబడితే ఇంకా పెరుగుతుంది. సొంతంగా చేసేవారికి అనువాదానికి పదాల లెక్కన, దుబాసీ పనికి గంటల లేదా రోజుల లెక్కన ఇస్తారు. పని ఒప్పుకునేముందే రేటు రాతపూర్వకంగా తీసుకోండి. మొదట్లో నేను నోటిమాట మీద చేసిన పనుల్లో రెండింటికి డబ్బు ఇప్పటికీ రాలేదు.

ఇంటర్వ్యూలో ఈ డిగ్రీ గురించి ఏం చెప్పాలి?

సిద్ధాంతాల పేర్లు చెప్పకండి. మీరు కళ్లారా చూసిన ఒక అపార్థం చెప్పండి. ఎవరు ఏమన్నారు, ఎదుటివారు ఏమనుకున్నారు, మీరు ఏం అడిగారు, తర్వాత ఏమైంది. రెండు నిమిషాల్లో ముగించాలి. అలాంటి సంఘటన ఇంకా లేదంటే, సెలవుల్లో ఒక నెల ఏదైనా ఆసుపత్రి విదేశీ రోగుల విభాగంలోనో, ఉస్మానియాలో చదివే విదేశీ విద్యార్థులకు ఇల్లు వెతికిపెట్టే పనిలోనో గడపండి. రోజూ రాత్రి ఆ రోజు విన్న మాటలు ఒక పుస్తకంలో రాసుకోండి. నా మొదటి ఇంటర్వ్యూకు నేను తీసుకెళ్లింది అలాంటి పుస్తకమే. అడిగినాయన సర్టిఫికెట్లు పక్కన పెట్టి దాన్నే ముప్పావుగంట తిరగేశారు.